చెర్రీల లెక్క

మూడో జత టైర్ల కోసం వచ్చాడు అన్సెల్ము.
ఎర్ర కారు, రెండే సీట్లు,
నేలకి జానెడెత్తున పిల్లిలా నక్కి ఉంటుంది.
"ఏడాది తిరక్కుండానే అరిగిపోతున్నాయి,
రబ్బరులో ఏం కలిపి చస్తున్నారో!"

లియొకాడియా జవాబివ్వలేదు.
వెనక చక్రం విప్పించి నా వైపు దొర్లించింది.
"కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టు" అంది.

బయటి అంచు నిన్న కొన్నట్టుంది.
గాడిలోకి గోరు పూర్తిగా దిగింది.
మధ్యకొచ్చేసరికి సగమే.
లోపలి అంచు బోడిగుండు.
ఇంకాస్త లోపలికి జరిపితే
రబ్బరు దాటి తన్నుకొచ్చిన ఇనప తీగ
నా బొటనవేలిని కొరికింది.

"ఎలా నడుపుతావు?"
"ఆదివారాలు. చర్చికి పోయేంత మెల్లగా."
"డిక్కీలో?"
"ఏముంటుంది, గొడుగు."

కొవిల్యాలో అందరికీ లేజర్ యంత్రాలొచ్చాయి.
ఆమెకింకా నాలుగు ఇనప స్టాండ్లూ
చేపలు పట్టే నైలాన్ దారమూనే.
తాపీమేస్త్రీ తాడు పట్టినట్టు
కారుకి రెండు పక్కలా బిగించాం.
దారం నుంచి రిమ్ము ముందంచుకి ఎంత, వెనకంచుకి ఎంత,
స్టీలు స్కేలు పెట్టి ఆమె చదువుతుంటే
గోడ మీద సుద్దముక్కతో నేను రాశాను.
ఊపిరి తగిలినా దారం కదులుతుంది,
అందుకని మాటలు కూడా మిల్లీమీటర్లలోనే.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి.
అదే చిక్కు.

"చూశావా, టైర్లదే తప్పు" అన్నాడతను.
ఆమె వెళ్ళి డిక్కీ తెరిచింది.
గొడుగు ఉంది, నిజమే.
గొడుగు కింద కార్పెట్ మూల ఎత్తితే
ఎండిన చెర్రీ గింజలు, పద్నాలుగు,
ఎంత కడిగినా పోని ఊదారంగు మరకలో.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం కాదు అన్సెల్ము.
చూపు మాత్రం తలుపు దాటి
గర్దున్యా కొండ వైపు పారిపోయింది.

"రెండేళ్ళ కిందట" అన్నాడు చాలాసేపటికి,
"అప్పులాళ్ళొచ్చారు. కారు అమ్మెయ్యమన్నారు అందరూ.
నేను వ్యాను అమ్మేశాను."
"ఎన్ని పెట్టెలు?"
"డిక్కీలో ఆరు. పక్క సీట్లో నాలుగు.
వాటికి బెల్టు పెడతాను."
"పెట్టెకి?"
"పది కిలోలు. రోజుకి మూడుసార్లు దిగుతాను, మే నెలంతా."

ఆమె నవ్వలేదు.
నన్ను పక్క కొట్టుకి తోలి
బంగాళాదుంపల బస్తాలు మోయించింది.
"నీ బరువెంత?"
"డెబ్బై ఎనిమిది."
అతని నడుం బెల్టు చివరి కన్నం వైపు ఓసారి చూసి
"తొంభై ఐదు పెట్టు" అంది నాతో.

డ్రైవరు సీట్లో దుంపలు,
పక్క సీట్లో దుంపలు,
డిక్కీ నిండా దుంపలు.
కారు మూలుగుతూ కూలబడింది.
వెనక చక్రాలు చూద్దునా,
మూట నెత్తికెత్తుకున్న హమాలీ కాళ్ళు:
పైన దగ్గరగా, కింద ఎడంగా.
దారం అప్పటికి నోరు విప్పింది.

పానా సగం చుట్టు. మళ్ళీ పావు.
తుప్పుపట్టిన బోల్టు పెట్టిన కేకకి
వీధిలో పడుకున్న కుక్క లేచి చోటు మార్చింది.
కొలిచాం, తుడిచాం, మళ్ళీ రాశాం.
లాంతరు వేళకి సుద్ద అంకెలు
ఇటూ అటూ ఒక్కటయ్యాయి.

కొత్త టైర్లు రెండు బిగించాక
"ఇక దిగుల్లేదుగా?" అన్నాడు.
"జూలై దాకా.
చెర్రీలు అయిపోయాక రా.
ఖాళీ కారుకి ఈ లెక్క పనికిరాదు,
ఈసారి బయటి అంచు తింటుంది."
"ఏటా రెండుసార్లా!"
"ఏటా ఒక జత పారేసినవాడివి, నీకేం."

కారు మలుపు తిరిగి, ఇంజిను చప్పుడు కూడా కొండలో కలిశాక
బస్తాలు లెక్కపెట్టుకుంటే ఒకటి తక్కువ.
పక్క సీట్లోది దింపలేదు మేమెవరమూ.
బెల్టు పెట్టుకుని దర్జాగా వెళ్ళిపోయింది.
దాని డబ్బులు కొట్టు ముసలాయన
ఇప్పటికీ నన్నే అడుగుతాడు.